ప్రథమార్ధ సంవత్సరమున మన పాఠశాల సాధించినదేమి?

మన వార్షిక పత్రికయందు ప్రథమార్ధ సంవత్సరపు నివేదిక యొకటి ఏటేట ప్రకటింపబడుట చదువరులెల్లరు నెఱిగినదే. జూను 12వ తేదీని బడి తెఱచినది మొదలు అర్ధసంవత్సర పరీక్షలు ముగియువఱకు జరిగిన సభలు, ఆటలపోటీలు, గెలిచిన బహుమానములు, తరగతులవారీగా ఉత్తీర్ణులైనవారి సంఖ్యలు అందు వరుసగా నుండును. తలిదండ్రులు దానిని చదివి సంతోషింతురు. పిల్లలు తమ పేరెక్కడ అచ్చుపడినదో యని వ్రేలు పెట్టి వెదకుకొందురు. ఆ నివేదికను వ్రాయు పని చాల యేండ్లుగా నాకే యప్పగింపబడుచున్నది. కావున దానిలో లోపమున్నచో మొదటి దోషిని నేనే. అందుండవలసిన ముఖ్యమైన లెక్క యొకటి నేటివఱకు ఉండలేదు. అది యేదో మనవిచేసికొనుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ఉన్న లెక్కను తక్కువచేయుట నా యుద్దేశము కాదు. ఈ ఆఱునెలలలో మన పిల్లలు చేసిన పని సామాన్యమైనది కాదు. ఆగస్టు 15వ తేదీకి ముందు తొమ్మిదవ తరగతివారు భట్లపెనుమర్రు వెళ్ళి, పింగళి వెంకయ్యగారు పుట్టిన యూరిని చూచి వచ్చిరి. 1921లో బెజవాడ కాంగ్రెసు సభల సమయమున గాంధీ మహాత్మునకు జెండా నమూనా నొసగిన యా మహనీయుడు మన జిల్లా పల్లెలో పుట్టినవాడే యని కన్నులార చూచిన పిమ్మట, జెండావందనమునాడు వారు నిలువబడిన తీరే మాఱినది. ఆగస్టు 29వ తేదీ గిడుగు రామమూర్తి పంతులుగారి జన్మదినము. హాకీ వీరుడు ధ్యాన్‌చంద్ గారి జన్మదినము కూడ నదియే. కావున ఆ దినమున ఉదయము తెలుగులో వక్తృత్వపుపోటీలును, సాయంకాలము కబడ్డీ, వాలీబాలు పోటీలును జరిగినవి. వాడుకభాషకై జీవితమంతయు పోరాడిన పంతులుగారినిగూర్చి నావంటి గ్రాంథికపు బడిపంతులు అధ్యక్షోపన్యాసము చేయగా పిల్లలు చాటుగా నవ్వుకొనిరి. ఆ నవ్వు న్యాయమైనదే. ఎనిమిదవ తరగతివారు బడితోటలో పెంచిన గోంగూర, బెండకాయలు మధ్యాహ్న భోజనపు కూరకు పలుమాఱులు అక్కఱకు వచ్చినవి. జిల్లాపోటీలలో గెలిచిన కప్పులు కార్యాలయములోని అద్దాల బీరువాలో మెఱయుచున్నవి.

ఇవన్నియు సంతోషకరములే. అయితే ఈ పనులన్నిటను ముందువరుస నిలిచిన పిల్లలెవరని విచారించితిమేని, తిరిగి తిరిగి అవే పేర్లు కనబడును. వక్తృత్వమున గెలిచిన బాలికయే వ్యాసరచనలోను గెలిచినది. కబడ్డీ జట్టు నాయకుడే పరుగుపందెమునను మొదటివాడు. వారికి మన మెచ్చుకోలు చెందవలసినదే. కాని బీరువాలోని కప్పులు ఏ కొద్దిమందియో చేసిన పనికి సాక్ష్యములు. తక్కినవారినిగూర్చి పలుకునది హాజరుపట్టిక యొక్కటే. జూనులో వ్రాసికొన్న పేర్లలో దసరా సెలవుల పిమ్మట "హాజరండీ" యని బదులుపలికినవి యెన్ని? పలుకనివా రెక్కడనున్నారు? వారికొఱకు మనమేమి చేసితిమి? ఈ మూడు ప్రశ్నలకు మన నివేదికలో జవాబు లేదు. నా యభిప్రాయమున బడియొక్క మొదటి సాధన ఇదియే. తక్కినవన్నియు దాని తరువాతివి.

ఈ మాట మన ప్రాంతమున మఱింత నిజము. ఏలయన, మన కృష్ణాడెల్టాలో చదువులకు ప్రథమార్ధమే గడ్డుకాలము. తూర్పుతీరమున మరపడవల వేట ఏప్రిల్ 15 మొదలు జూను 14 వఱకు 61 దినములు నిషిద్ధము. బడి తెఱచునది జూను 12. అనగా మన గంట మ్రోగుటకును, గిలకలదిండి రేవునుండి పడవలు కదలుటకును నడుమ మూడు దినములే యెడము. రెండునెలలు వేటలేక అప్పుతో గడపిన యింట, పదునైదేండ్ల కుఱ్ఱవాడు పుస్తకముల సంచి పట్టవలెనా, వల పట్టవలెనా యను ప్రశ్న సరిగా ఆ వారముననే పుట్టును.

తరువాత కాలువలకు నీరు వచ్చును. విజయవాడయొద్ద 1855లో పూర్తియైన ఆనకట్టవలనను, దాని స్థానమున 1957లో నిలిచిన ప్రకాశం బ్యారేజివలనను మన సీమ పదిమందికి అన్నము పెట్టునదైనది. కాని కాలువకు నీరు వచ్చినప్పుడే ఆకుమళ్ళు, దమ్ములు, నాట్లు. గుడివాడ ప్రాంతపు పల్లెలలో తల్లి నాట్లకు పోయినచో, చంటిబిడ్డను చూచుటకు ఎనిమిదవ తరగతి చదువు అక్క ఇంట నిలిచిపోవును. పట్టికలో ఆమె పేరునకెదురుగా మనము వరుసగా గైరుహాజరు గుఱుతు పెట్టుదుము. ఆ గుఱుతును చూచినవాడు ఆమెను సోమరిపోతనుకొనును. కాని ఆ యింటిలో ఆ రోజులలో ఆమెకంటె ఎక్కువ కష్టపడినవా రుండరు. నాట్లు ముగిసినంతనే కృష్ణ పొంగుకాలము. అది దాటినచో అక్టోబరు, నవంబరులలో వాయుగుండములు. ఆ వెనువెంటనే వరికోతలు, మినుము చల్లుట. ఇన్నిటి నడుమ మనము పరీక్షలు జరిపి అంకెలు వేయుచున్నాము.

ఏటి సంగతి, సముద్రపు సంగతి మనకు ఒకరు చెప్పవలసిన పనిలేదు. 2024 సెప్టెంబరు ఆరంభమున ప్రకాశం బ్యారేజివద్ద 11 లక్షల 43 వేల క్యూసెక్కుల వరద నమోదైనది. అంతకుముందెన్నడు అక్కడ అంత ప్రవాహము నమోదుకాలేదు. దివిసీమ లంకలలో నీరు ఇండ్లలోనికి వచ్చినది. 1977 నవంబరు 19వ తేదీ ఉప్పెనలో పాలకాయతిప్ప, సొర్లగొంది మొదలైన యూళ్ళు తుడిచిపెట్టుకొనిపోయినవి. పోయిన ప్రాణములు తక్కువ లెక్కకే సుమారు 10 వేలు. అంతకు నూఱేండ్లకు పైగా ముందు, 1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన ఉప్పెనలో బందరు పట్టణమునను చుట్టుప్రక్కలను సుమారు 30 వేలమంది మడిసిరి. ఈ తేదీలన్నియు మన లెక్కప్రకారము ప్రథమార్ధములోనివే. దివిసీమలో తాత ముత్తాతలు ఆ కథలు చెప్పుకొనని యిల్లు లేదు. ఆకాశము నల్లబడగానే పిల్లవానిని బడికి పంపుటకు తల్లి వెనుదీయుట పిఱికితనము కాదు, అనుభవము.

ఈ పట్టణమున బడి నడుపుట యనగా ఖాళీబెంచీలతో పోరాడుటయే యని మన పూర్వులును ఎఱిగియుండిరి. చర్చి మిషనరీ సంఘమువారి పక్షమున రాబర్టు టర్లింగ్టన్ నోబిల్ దొరగారును, హెన్రీ వాట్సన్ ఫాక్సు దొరగారును 1841లో బందరు చేరిరి. 1843 నవంబరు 21వ తేదీని నోబిల్ గారు ఇచ్చట ఇంగ్లీషు బడి తెఱచిరి. 1852లో ఆ బడి విద్యార్థులిద్దఱు బాప్తిస్మము పొందగా పట్టణమున కలవరము పుట్టి, తలిదండ్రులు పిల్లలను మాన్పించిరి. బడి ఇంచుమించు శూన్యమయ్యెను. నోబిల్ గారు తలుపు మూయలేదు. పిల్లలు కొలదికొలదిగా మఱల వచ్చిరి. 1864 ఉప్పెనను ఆయన కన్నులార చూచిరి. మఱుసటియేడు, 1865 అక్టోబరు 17వ తేదీని, ఈ పట్టణముననే కన్నుమూసిరి. ఆయన పేర నిలిచిన కళాశాలను మనమందఱము ఎఱుగుదుము.

అయినను చరిత్రలో సగము చెప్పి సగము దాచుట ఉపాధ్యాయునకు తగదు. ఆ బడి తొలినాళ్ళలో మాల, మాదిగ పిల్లలకు అందు చోటు లేకుండెను. ఆనాటి కట్టుబాటునకు లోబడినగాని పెద్దకులములవారు తమ బిడ్డలను పంపరని దొరగారు తలంచిరి. మా తాతగారు అక్షరములు దిద్దుకొన్నది పల్లెలోని ప్రార్థనమందిరపు తాటాకుపందిరిలో, కిరసనాయిలు దీపము వెలుతురున. తరువాతివారు పెద్దబడుల తలుపులు తెఱచిరి గనుకనే ఆయన మనుమడు శిక్షణకళాశాలకు పోయి, నేడు మీ యెదుట కలము పట్టగలిగినాడు. హాజరుపట్టికలో ఎవరి పేరున్నది, ఎవరి పేరు లేదు అన్నది చిల్లరవిషయము కాదని నేను పట్టుపట్టుటకు ఇది యొక కారణము. రెండవ కారణము నా స్వంత తప్పు.

కొన్నేండ్ల క్రిందటి మాట. నా తరగతిలో దివిసీమ లంకనుండి వచ్చి వసతిగృహమున నుండి చదువుకొను బాలుడొకడుండెను. లెక్కలలో చుఱుకైనవాడు. అందఱికంటె ముందు లేచి బోర్డు తుడుచువాడు. దసరా సెలవులకు ఇంటికి పోయి మఱల రాలేదు. మొదటివారము గైరుహాజరు గుఱుతు పెట్టితిని. రెండవవారమును పెట్టితిని. ఆ దినములలో నేను పిల్లలను వక్తృత్వపుపోటీకి సిద్ధపఱచుచుంటిని. కప్పు గెలిచితిమి. నా ఛాయాచిత్రము సయితము తీసిరి. నెల ముగియగానే ఎఱ్ఱసిరాతో ఆ పేరుమీద అడ్డుగీత గీచితిని. ఆ గీతకు పట్టినది ఒక్క క్షణము.

వేసవిలో వేఱొక పనిమీద నాగాయలంకవైపు వెళ్ళినపుడు ఆ బాలుడు జ్ఞప్తికి వచ్చి, ఏటిమొగ రేవున పంటు దాటి వాని యూరికి పోతిని. వాడు రొయ్యలచెఱువు గట్టున మేత చల్లుచుండెను. నన్ను చూచి చేతులు తుడుచుకొని నిలువబడి, "మాస్టారండీ, మీరు ఇంత దూరం వచ్చారేంటండీ?" అని మాత్రమనెను. వాని తల్లి పీట వేసి, మజ్జిగ యిచ్చి, మెల్లగా చెప్పినది: "వాళ్ళ నాన్నకు జబ్బు చేసిందండీ. అప్పులోళ్ళు గుమ్మంలో కూర్చున్నారండీ. మాస్టారొస్తారు, నాన్నకి చెప్తారు అని వీడు పదిరోజులు రేవుకేసి చూశాడండీ." ఆమె నన్ను నిందింపలేదు. నింద యామె మాటలో లేకపోవుటయే నాకెక్కువ బాధ కలిగించినది. బయలుదేరునపుడు ఆ బాలుడు, "నా బెంచీమీద ఇప్పుడెవరు కూర్చుంటున్నారండీ?" అని యడిగెను. జవాబు చెప్పలేకపోతిని. వాడు మఱల బడికి రాలేదు.

తప్పిపోయిన యొక్క గొఱ్ఱెకై పోయిన కాపరి కథను ఉదయప్రార్థనలో నేనెన్నిమాఱులు చెప్పియుంటినో లెక్కలేదు. ఆ కథలో కాపరి తొంబదితొమ్మిదింటికి బహుమతులు పంచుచు మందకడనే నిలిచిపోలేదు. నేను నిలిచిపోతిని.

నా వాదమునకు ఆక్షేపణలు లేకపోలేదు. మొదటిది, తలిదండ్రులు చూచునది మార్కులు, కప్పులు. అవి లేనిచో పిల్లలను వేఱొక బడిలో చేర్తురు. నిజమే. 1910లో కోపల్లె హనుమంతరావుగారు ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పిన ఈ పట్టణమున మంచిచదువునకు లోటు లేదు. తలిదండ్రులు నాలుగు బడులను పోల్చిచూతురు. కాని తన బిడ్డ పదిదినములు రానిచో ఎవరైన ఇంటికి వచ్చి యడిగెదరని తెలిసిన తల్లి ఆ బడిని విడుచునా? రెండవది, ఉపాధ్యాయునకు బోధనకే సమయము చాలదు. ఇదియు నిజమే. అయితే మనము ఒక పోటీకి వెచ్చించు సాయంకాలములలో నాలుగింటిని దీనికిచ్చినచో చాలును. మూడవది, అది ప్రభుత్వము చూచుకొనవలసిన పని యందురు. 2009లో చేయబడి 2010 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలునకు వచ్చిన విద్యాహక్కు చట్టము 6 మొదలు 14 ఏండ్లవఱకు నిర్బంధ ఉచితవిద్యను హక్కు చేసినది. కాని ఉన్నతపాఠశాలలో పిల్లలు జాఱిపోవునది తఱచుగా ఆ పదునాలుగవ యేడు దాటుచుండగనే. చట్టపు హద్దు ఎక్కడ ముగియునో అక్కడ ఉపాధ్యాయుని కాలినడక మొదలు కావలెను.

ఈ యేడు మేము కొందఱము అటులనే మొదలుపెట్టితిమి. నా తరగతిలో జూనునుండి దసరావఱకు పలుకక పోయిన పేర్లు మూడు. మొదటివాడు గిలకలదిండి బాలుడు. జూను చివర మేమిద్దఱము ఉపాధ్యాయులము వాని యింటికి పోయితిమి. తండ్రి వలలు బాగుచేసికొనుచు మా మాట తల యెత్తక వినెను. పడవమీద మనిషి తక్కువ యని చెప్పెను. వాని చిన్నాన్న ఒప్పుకొని తాను పోవుటకు సమ్మతించిన పిమ్మట, జూలై రెండవవారమున బాలుడు వచ్చెను. రెండవయామె గుడివాడవైపు పల్లెనుండి ఉదయపు రైలులో వచ్చు బాలిక. నాట్లు ముగియువఱకు ఆమె రాజాలదని తల్లి కన్నీళ్ళతో చెప్పినది. వాదించుటవలన లాభములేదని గ్రహించి, అదే యూరినుండి వచ్చు సహాధ్యాయిని చేత ప్రతిదినము పాఠములు పంపితిమి. ఆగస్టు చివరివారమున ఆమె వచ్చినది. అర్ధసంవత్సర పరీక్షలో లెక్కలలో తప్పినది. తెలుగున మంచి మార్కులు వచ్చినవి. నేను వ్రాయు నివేదికలో ఆమె పేరు ఉత్తీర్ణుల వరుసలో నుండదు. కాని ఈ ఆఱునెలలలో మన బడి గెలిచిన మేలైన గెలుపులలో ఆమె రాక యొకటియని నేను నమ్ముచున్నాను. పాఠములు మోసికొనిపోయిన యా సహాధ్యాయినికి ఏ కప్పును రాలేదు. ఆ సంగతియు నివేదికలో నుండదగినదే.

మూడవవాని నింకను రప్పింపలేకపోతిమి. కుటుంబము పనికై ఊరు విడిచినది. మేము రెండుమాఱులు పోయితిమి. రెండవమాఱు తలుపునకు తాళము వ్రేలాడుచుండెను. ఇరుగుపొరుగువారు చెప్పిన యూరి బడిలో వాని పేరున్నదేమో విచారించుచున్నాము. వాని పేరు మీద నేను అడ్డుగీత గీయలేదు.

కావున నేను కోరునది పెద్దది కాదు. ఇకమీదట మన ప్రథమార్ధ నివేదికలో బహుమానముల పట్టికకు ముందు మూడు పంక్తులు చేర్చుదము. జూనులో చేరినవారు ఎందఱు, దసరా పిమ్మట వచ్చినవారు ఎందఱు, రానివారి యిండ్లకు ఎవరు ఎన్నిమాఱులు పోయిరి. పేర్లు అక్కఱలేదు, ఏ కుటుంబపు కష్టమును పత్రికకెక్కింపగూడదు. అంకెలు చాలును. ఆ యంకెలు కొన్ని యేండ్లు మనలను సిగ్గుపఱచవచ్చును. సిగ్గుపడుట తెలిసిన బడి బాగుపడును.

తలిదండ్రులారా, మీ బిడ్డను కొన్నాళ్ళు పంపలేని కష్టము వచ్చినపుడు ఆ సంగతి మాకు దాచక చెప్పుడు. చెప్పినచో వారము పదిదినముల పాఠములకు ఏదో యొక దారి చూడగలము. చెప్పనిచో ఆ వారము నెలయగును, నెల సంవత్సరమగును. సహోపాధ్యాయులారా, ఎఱ్ఱసిరా కలమును కొంచెము అందనిచోట నుంచుదము. పిల్లలారా, మీ ప్రక్కనున్న బెంచీ మూడుదినములు ఖాళీగా నున్నచో నాలుగవదినము వచ్చి మాతో చెప్పుడు. మా కంటె ముందు మీకే తెలియును.

ద్వితీయార్ధము మొదలగుచున్నది. పొలములలో కోతలు సాగుచున్నవి, పరీక్షలు ముందున్నవి. నా తరగతిలో కిటికీ ప్రక్క బెంచీ చివర ఒక చోటు ఖాళీగానే యున్నది. అక్కడ వేఱొకరిని కూర్చుండబెట్టుటకు నేనింకను తొందరపడుటలేదు.